షట్టరు బరువు మోసేది ఎవరు?

అనంతపురం వైపు ఆషాఢం వచ్చిందంటే గాలి లేస్తుంది. పడమటి గాలి. జూన్‌లో మొదలైతే సెప్టెంబరు దాకా వీస్తూనే ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది అందుకే. ఆ గాలితో అక్కడ కరెంటు పుడుతుంది. అదే గాలి మన ఇంట్లోకి దుమ్ము మోసుకొస్తుంది. ఆరేసిన బట్టలు ఎత్తుకుపోతుంది. పశువుల కొట్టం మీది రేకులు లేపుతుంది.

ఎండ సంగతి సరే సరి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులు చాలా ఉంటాయి. ఇనుము ముట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది.

అలాంటి చోట ఒక ఊళ్ళో ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘం తరఫున రోడ్డు పక్కన ఒక గది బాడుగకు తీసుకున్నారు. అందులో పిండి మిషను పెట్టారు. పక్కనే పప్పులు, నూనె, సబ్బులు అమ్ముతారు. గది ముఖం పడమరకు ఉంది. దానికి 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఇనుప షట్టరు ఉంది. గాలి వచ్చి కొట్టేది ఆ షట్టరు మీదే. మధ్యాహ్నం ఎండ పడేదీ ఆ షట్టరు మీదే.

అంగడి చూసుకునే ఆమెను ఊళ్ళో అంగడక్క అంటారు. మనమూ అట్లే పిలుద్దాం. ఆమె సాయంత్రం బడిలో చదువు నేర్చింది. ఇప్పుడు సంఘం లెక్కల పుస్తకం తనే రాస్తుంది.

ఆ మధ్యాహ్నం

మధ్యాహ్నం పూట ఎండ లోపలికి రాకుండా అంగడక్క షట్టరు సగం దించేది. రోడ్డు పక్క అంగళ్ళలో చాలామంది ఇదే చేస్తారు. మీరూ చూసే ఉంటారు. సగం దించిన షట్టరు కింద నీడ ఉంటుంది. అంగడక్క మనవడు ఆ నీడలో చాప వేసుకుని పడుకునేవాడు. వాడికి ఐదేళ్ళు.

ఆషాఢంలో ఒకరోజు గాలి బాగా వీస్తోంది. షట్టరు గడగడ కొట్టుకుంటోంది. వాడికి దప్పిక అయింది. లేచి లోపల కుండ దగ్గరికి పోయాడు. అప్పుడు పైనుంచి ఢాం అని ఒక చప్పుడు వచ్చింది. తుపాకి పేలినట్టు. వెంటనే షట్టరు దభీమని కింద పడింది.

లోపల అంతా చీకటి. పిల్లవాడు కేకపెట్టి ఏడ్చాడు. అంగడక్కకు కాళ్ళు వణికాయి. వాడిని తడిమి చూసింది. దెబ్బ తగలలేదు. చాప మీద వదిలిన చెప్పు మాత్రం షట్టరు కింద నలిగిపోయింది.

ఎత్తబోతే షట్టరు కదల్లేదు. బయటి నుంచి నలుగురు పట్టి ఎత్తితే గానీ పైకి లేవలేదు. ఎత్తిన వాళ్ళు కింద రెండు పిండి మూటలు నిలబెట్టారు. లోపలి నుంచి ఇద్దరూ వంగి బయటకు వచ్చారు.

"మోటారు పెడితే సరిపోతాది"

ఆ రాత్రి సంఘం కూర్చుంది. ఒకామె మరిది టౌనుకు పోయి ఒక అంగట్లో అడిగి వచ్చాడు. వాళ్ళు ఒక కాగితం రాసి ఇచ్చారు. షట్టరుకు మోటారు పెడతారట. చేతిలో రిమోటు ఉంటుంది. బొత్తాం నొక్కితే షట్టరు అదే లేస్తుంది. అదే దిగుతుంది. పాడైన పట్టీలు కూడా మార్చి ఇస్తారట.

"అంగడక్కకు నడుం నొప్పి. దినామూ ఎత్తేకి కాదు. మోటారు పెడితే సరిపోతాది" అంది ఒకామె.

"దుడ్లు యాడివి? పొదుపు దుడ్లు మొత్తం దానికే పెడతామా?" అంది ఇంకొకామె.

"పిల్లోడు బతికిందే చాలు. ఎంతైనా పెట్టాల్సిందే" అంది ఒక అవ్వ.

అంగడక్క కాగితం చేతికి తీసుకుంది. మెల్లగా చదివింది. మోటారు 1. రిమోటు 2. పట్టీలు 22 గేజి. స్ప్రింగు అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

"పైన ఢాం అని పేలింది ఏందో తెలియకుండా మోటారు పెడితే ఎట్ల? ముందు ఎవరైనా మేస్త్రిని పిలిచి చూపిద్దాం" అంది. ఆ మాటకు అందరూ ఒప్పుకున్నారు. నా లెక్కన ఆ రాత్రి సంఘానికి ఎక్కువ లాభం చేసింది ఈ ఒక్క మాటే.

మేస్త్రి ఏం చెప్పాడు?

మరునాడు ముసలి మేస్త్రి వచ్చాడు. షట్టర్ల పనిలోనే ఆయన తల నెరిసింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి. నిచ్చెన వేసుకుని పైకి చూశాడు. దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"స్ప్రింగు తెగింది తల్లీ" అన్నాడు.

"షట్టరుకు స్ప్రింగు ఎందుకు అన్నా?" అని అడిగింది అంగడక్క.

మేస్త్రి ఇలా చెప్పాడు:

"ఈ షట్టరు బరువు ఎంత ఉంటాదనుకుంటివి? రేకు మందాన్ని బట్టి 60, 70, 80 కిలోలు ఉంటాది. ఒక బియ్యం మూట 50 కిలోలు. మూటన్నర బరువు నువ్వు దినామూ ఒక్కదానివే ఎత్తినావా? ఎత్తలేదు. స్ప్రింగు ఎత్తింది. నీ చేయి ఊరికే దారి చూపించింది.

మీ చిన్నప్పుడు ఏతం చూసింటారు. బావిలోంచి నీళ్ళు పైకి తెస్తాది. ఏతం మాను వెనక పక్క రాయి కడతారు. ఆ రాయి బరువు కిందికి దిగితే ఈ పక్క నీళ్ళు పైకి వస్తాయి. షట్టరుకు కూడా అట్లాంటి రాయి ఉండాది. అదే స్ప్రింగు. పైన అడ్డంగా పైపు ఉండాది చూడు. స్ప్రింగులు ఆ పైపుకే ఉంటాయి. షట్టరు దించేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటాది. ఎత్తేటప్పుడు ఆ బిగువు వదులుతా షట్టరును పైకి లాగుతాది."

అవ్వకు ఏతం మాట బాగా అర్థమైంది. "అయితే మా వెనక రాయి తెగి బావిలో పడిందన్నమాట" అంది.

"అంతే అవ్వా. నీ షట్టరుకు రెండు స్ప్రింగులు. ఒకటి తెగింది. రెండోది అలసిపోయింది. మీరు మోటారు పెట్టించి ఉంటే ఆ బరువంతా మోటారు మీద పడేది. కొన్ని రకాల మోటార్లు బరువు మోసేకి కాదు. స్ప్రింగు సరిగ్గా ఉన్న షట్టరును తిప్పేకి మాత్రమే. స్ప్రింగు లేని షట్టరుకు అట్లాంటి మోటారు కట్టినావంటే, మోటారు కాలొచ్చు. షట్టరు మళ్ళీ పడొచ్చు."

స్ప్రింగు బాగుందా లేదా?

ఇది తెలుసుకోవడానికి మేస్త్రి అక్కర్లేదు. మనమే చూడవచ్చు. ముందు పిల్లల్ని దూరంగా పంపండి. షట్టరును నడుము ఎత్తు దాకా తీసుకురండి. కాళ్ళు, తల దాని కింద పెట్టకండి. అప్పుడు చేయి మెల్లగా వదలండి. పూర్తిగా వదిలేయకండి. చేయి దగ్గరే ఉంచండి.

షట్టరు అక్కడే నిలబడితే స్ప్రింగు బాగుంది. బరువుగా కిందికి జారితే స్ప్రింగు అలసింది. దానంతట అదే పైకి పరుగెత్తితే స్ప్రింగు ఎక్కువ బిగించారు. అదీ మంచిది కాదు. ఎత్తేటప్పుడు ఒక పక్క ముందు, ఒక పక్క వెనక వస్తే గాడిలో ఏదో అడ్డం పడింది. లేదా ఒక పక్క పట్టీ జరిగింది.

నెలకు ఒకసారి ఇలా చూడాలి. అంగడక్క షట్టరు నెల రోజులుగా బరువెక్కుతూ వచ్చింది. ఆమె తన నడుము నొప్పే పెరిగింది అనుకుంది. మనలో చాలామందిమి ఇంతే. బరువు పెరిగితే ముందు మన ఒంటినే తప్పు పడతాం.

చూడటం వరకే మన పని. పైన ఉన్న బోల్టులు విప్పకూడదు. మేస్త్రి తన వేళ్ళు చూపించి చెప్పాడు.

"అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. షట్టరు దించి ఉండగానే పైన బోల్టు విప్పినాను. స్ప్రింగు గిర్రున తిరిగింది. వేళ్ళు పోయినాయి. షట్టరు కిందికి దించి ఉన్నప్పుడే స్ప్రింగులో బిగువు ఎక్కువ. పూర్తిగా పైకి ఎత్తి, జారకుండా బిగించినాకనే పని చేయాల. అప్పుడు కూడా కొంత బిగువు ఉండనే ఉంటాది. తెలియని వాళ్ళు ముట్టుకోకూడదు. మీ ఇంట్లో మగోళ్ళకు కూడా ఈ మాట చెప్పండి. స్క్రూడ్రైవరు దొరికితే చాలు, ఎక్కేస్తారు."

గాలి ఎంత బరువు?

గాలికి బరువేమిటి అంటారా? లెక్క వేద్దాం.

ఈ షట్టరు 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. 8 ఎనిమిదులు 64. అంటే 64 చదరపు అడుగులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గాలి వచ్చి సూటిగా కొడితే, ఆ షట్టరు మీద సుమారు 100 కిలోల ఒత్తిడి పడుతుంది. రెండు బియ్యం మూటలు ఆనించినట్టు.

గాలి వేగం రెండింతలైతే ఎంత? 200 కిలోలు అనుకుంటాం. కాదు. నాలుగింతలు అవుతుంది. 120 కిలోమీటర్ల గాలికి 400 కిలోలు. ఎనిమిది మూటలు. తుఫాను గాలికి షట్టర్లు లోపలికి వంగిపోయేది ఇందుకే.

షట్టరు పూర్తిగా దించి రెండు పక్కలా బీగం వేస్తే ఆ ఒత్తిడిని రెండు పక్కల గాడులు, కింది బీగాలు పంచుకుంటాయి. పూర్తిగా ఎత్తి చుట్టేస్తే గాలికి దొరికేదే లేదు. సగం దించితేనే ముప్పు. కింది అంచుకు పట్టు ఉండదు. గాలికి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కింది నుంచి లోపలికి వచ్చిన గాలి లోపలి నుంచి కూడా తోస్తుంది. పట్టీలు వంగుతాయి. గాడిలోంచి ఊడి వస్తాయి. అప్పటికే అలసిన స్ప్రింగు ఆ కుదుపులకు తెగుతుంది. అంగడక్క షట్టరుకు జరిగింది ఇదే.

పట్టీల చివర చిన్న క్లిప్పులు ఉంటాయి. పట్టీ పక్కకు జరగకుండా అవి పట్టుకుంటాయి. ఇక్కడ ఐదు క్లిప్పులు ఊడిపోయి ఉన్నాయి. వాటిని మేస్త్రి కొత్తవి వేశాడు. పైపును మోసే ఇనుప పలకలు గోడకు గట్టిగా ఉన్నాయా అని కూడా చూశాడు. బోల్టు చుట్టూ గోడ పగిలితే, బోల్టు బిగించి లాభం లేదు. గోడ బాగు చేయాలి.

ఎండ, దుమ్ము

ఎండకు ఇనుము సాగుతుంది. ఎంత? 8 అడుగుల ఇనుప పట్టీకి 30 డిగ్రీల వేడి పెరిగితే, ఒక మిల్లీమీటరు కన్నా కొంచెం తక్కువ. పది కాగితాలు పేర్చితే ఎంత మందమో దాదాపు అంత. ఇది చిన్న లెక్కే. గాడిలో ఖాళీ ఉంటే ఏమీ కాదు. ఖాళీ లేకుండా బిగించి, ఆ గాడిలో దుమ్ము గట్టి పడితే, చలిలో నడిచిన షట్టరు మిట్ట మధ్యాహ్నం పట్టేస్తుంది.

దుమ్ము సంగతిలో అంగడక్క ఒక పొరపాటు చేసింది. ఆమే నవ్వుతూ ఒప్పుకుంది. షట్టరు గట్టిగా ఉందని గాడిలో నిండుగా గ్రీసు పూసింది. రెండు రోజులు బాగా నడిచింది. తర్వాత ఆ గ్రీసుకు దుమ్ము, పిండి అంటుకుని నల్లటి ముద్ద అయింది. సానరాయి మీద రుద్దినట్టు పట్టీలు అరిగాయి.

గాడిలో గ్రీసు పూయకూడదు. వారానికి ఒకసారి పాత బ్రష్షుతో దుమ్ము దులపాలి. పొడి గుడ్డతో తుడవాలి. గాలి రోజుల్లో రెండు రోజులకు ఒకసారి తుడిస్తే ఇంకా మంచిది. పాత ముద్ద పోవాలంటే గుడ్డకు కొంచెం కిరసనాయిలు అద్ది తుడవాలి. అప్పుడు దగ్గర్లో పొయ్యి, బీడీ, దీపం ఉండకూడదు. పిండి మిషను కూడా ఆపాలి.

బీగం తిరగకపోతే నూనె పోయకండి. నూనెకూ దుమ్ము పడుతుంది. రాసుకునే పెన్సిలు తీసుకోండి. దాని ముల్లును బీగంచెవి పళ్ళ మీద బాగా రుద్దండి. నల్లటి పొడి అంటుకుంటుంది. ఆ చెవిని బీగంలో పెట్టి నాలుగుసార్లు తిప్పండి. అంగడక్క తన చదువుకున్న పెన్సిలుతోనే ఈ పని చేసింది.

22 పెద్దదా, 18 పెద్దదా?

వంగిన పట్టీలు మూడు మార్చాల్సి వచ్చింది. అంగడక్క టౌను కాగితం తెచ్చి చూపించింది. "వాళ్ళు 22 గేజి వేస్తామన్నారు. నువ్వు 18 అంటివి. 22 ఎక్కువ కదా అన్నా?"

మేస్త్రి నవ్వాడు. "రేకు లెక్క తిరగేసి చదవాల తల్లీ. అంకె పెరిగితే రేకు పలచన అవుతాది."

18 గేజి రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. 22 గేజి రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పడమర గాలి సూటిగా కొట్టే చోట పలచని రేకు తొందరగా వంగుతుంది. మందం రేకు బరువు ఎక్కువ. ఆ బరువుకు తగిన స్ప్రింగు వేయాలి. అందుకే పట్టీలు, స్ప్రింగులు రెండూ చూసి లెక్క రాయించుకోవాలి. ఎన్ని స్ప్రింగులు, ఏ గేజి రేకు, ఎన్ని పట్టీలు, ఎన్నాళ్ళు పూచీ అని విడివిడిగా రాయించుకోవాలి.

మేస్త్రి రాసిన కాగితంలో "స్ప్రింగులు 2" అని ఉంది. తెగింది ఒకటే కదా అని ఒకామె అడిగింది. రెండూ ఒకే రోజు వేసినవి. ఒకటి తెగితే రెండోదానికీ దగ్గర పడినట్టే. కొత్తదీ పాతదీ కలిపి వేస్తే షట్టరు ఒక పక్కకు లాగుతుంది. పని అయ్యాక పాత స్ప్రింగులు రెండూ మాకు ఇచ్చిపో అంది అంగడక్క. కాగితంలో 2 ఉంటే, కింద కూడా 2 కనిపించాలి కదా. మేస్త్రి ఏమీ అనుకోలేదు. రెండూ ఇచ్చాడు.

మోటారు సంగతి

పనంతా అయ్యాక అవ్వ లేచి షట్టరు పట్టుకుంది. ఒంటి చేత్తో ఎత్తింది. నడుము దగ్గర వదిలింది. అక్కడే నిలబడింది. "ఇంక దీనికి మోటారు ఎందుకే?" అంది.

మోటారు చెడ్డదని కాదు. అంగడక్క నడుము నొప్పి నిజమే. ఏదో ఒకనాటికి పెట్టించుకోవచ్చు. అప్పుడు ఏమేమి అడగాలో మేస్త్రి చెప్పాడు. అంగడక్క రాసుకుంది.

కరెంటు పోతే చేత్తో ఎత్తేందుకు గొలుసు ఉండాలి. లేకపోతే లోపల ఉన్నవాళ్ళు లోపలే. షట్టరు పైకి వచ్చాకా, కిందికి దిగాకా మోటారు తనంతట తాను ఆగాలి. ఎక్కడ ఆగాలో అమర్చేది పెట్టినవాళ్ళే. వాళ్ళు పోయే లోపల మనం మూడుసార్లు నడిపి చూడాలి. ఇనుప షట్టరు కాబట్టి ఎర్తు వైరు తప్పకుండా ఉండాలి. షట్టరు ముట్టుకుంటే జిల్లుమన్నా, వెంటనే మెయిను ఆపి కరెంటు పని తెలిసినవాళ్ళను పిలవాలి.

వరసగా ఎత్తి దించి, ఎత్తి దించి ఆడితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. ఎండాకాలం ఇంకా తొందరగా ఆగుతుంది. పాడైందని కంగారు పడనక్కర్లేదు. చల్లారితే నడుస్తుంది. మాటిమాటికీ ఆగితే మాత్రం మళ్ళీ స్ప్రింగు చూడాలి.

కొన్ని మోటార్లకు కన్ను ఉంటుంది. గాడి పక్కన, నేలకు జానెడు ఎత్తున పెడతారు. కింద మనిషి గానీ పిల్లి గానీ అడ్డం వస్తే షట్టరు దిగకుండా ఆపుతుంది. పిల్లలు తిరిగే చోట ఈ కన్ను లేని మోటారు వద్దే వద్దు అన్నాడు మేస్త్రి. ఆ కంటికి దుమ్ము పడితే షట్టరు దిగదు. మెత్తని గుడ్డతో తుడవాలి. దుమ్ము పడుతోందని దాని వైరు పీకేయకూడదు.

రిమోటు పిల్లల చేతికి అందకూడదు. షట్టరు కంటికి కనపడే చోట నిలబడే బొత్తాం నొక్కాలి.

సంఘం మళ్ళీ కూర్చుంది. మోటారు మాట ఉగాదికి చూద్దాం అనుకున్నారు. ఈలోగా మధ్యాహ్నం నీడ ఎట్లా అన్న మాట వచ్చింది. ఇద్దరు నాలుగు గోనె సంచులు విప్పి కలిపి కుట్టారు. కింద వెదురు కర్ర కట్టారు. ఎండ వచ్చినప్పుడు ఆ పరదా దించుతారు. గాలి ఎక్కువైతే చుట్టి పైన కట్టేస్తారు. షట్టరు మాత్రం పూర్తిగా పైనే ఉంటుంది.

అంగడక్క గోడ మీద సున్నంతో రెండు వరుసలు రాసింది. ఒకటి, స్ప్రింగులు మార్చిన తేదీ. రెండోది, "షట్టరు సగం దించరాదు". మనవడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. "ర" దగ్గర ఆగాడు. అంగడక్క చెప్పింది.